నాన్నగారి వాచీ తాకట్టు పెట్టి తెచ్చిన డెక్కు

మా నాన్నగారి హెచ్ఎంటీ వాచీ ఒక రాత్రంతా అమలాపురంలో వీడియో షాపాయన సొరుగులో పడుకుంది. 1991, ఏప్రిల్ నెల, మా టెన్త్ పరీక్షలు అయిపోయిన వారం. డెక్కు అద్దెకి కావాలంటే షాపాయనకి తెలిసినోళ్ళయినా అయ్యుండాలి, లేదా విలువైంది ఏదన్నా పెట్టాలి. కొంతమంది రేషన్ కార్డు పెట్టేవారు, కొంతమంది స్కూటర్ కాయితాలు పెట్టేవారు. మా ఇంట్లో రేషన్ కార్డు గడప దాటడానికి అమ్మ ససేమిరా అంది, ఆ వారమే పంచదార ఇస్తారంట. స్కూటర్ మాకు లేనే లేదు. ఇంక మిగిలింది నాన్నగారి చేతికున్న వాచీ ఒక్కటే. ఆయన ఏమీ అనకుండా విప్పి ఇచ్చేసి, "జాగ్రత్తరా, రాత్రి తొమ్మిదింటికి కీ ఇమ్మని చెప్పు ఆయనకి" అన్నారు. ఆ మాట నేను షాపాయనతో చెప్పలేదనుకోండి, సిగ్గేసింది.

ఇప్పటి పిల్లలకి డెక్కంటే పాటలు పెట్టుకునేదేమో అనిపించొచ్చు. మాకు డెక్కంటే సినిమా వేసేది. వీసీఆర్ వేరు, వీసీపీ వేరు, ఒకటి రికార్డు కూడా చేస్తుంది ఇంకోటి వెయ్యడమే అని షాపువాళ్ళు చెప్పేవారు గానీ ఊళ్ళో అందరికీ అన్నీ డెక్కులే. పెళ్ళి అయినా డెక్కే, వినాయక చవితి పందిరి అయినా డెక్కే, ఆఖరికి పుష్పవతి ఫంక్షన్ అయినా రాత్రికి డెక్కు ఉందా లేదా అనేదే ప్రశ్న. అలాంటిది ఏ ఫంక్షనూ లేకుండా, ఉత్తినే, మా స్నేహితుల కోసం మా ఇంట్లో డెక్కు పెట్టించుకుందాం అనే ఆలోచన మాలో ఎవడికొచ్చిందో గుర్తులేదు గానీ ఇల్లు మాత్రం నాది, ఎందుకంటే టీవీ మా ఇంట్లోనే ఉంది.

టీవీ అంటే సాలిడైర్ బ్లాక్ అండ్ వైట్. చెక్క పెట్టె, దానికి అటూ ఇటూ జరిపే షట్టరు, షట్టరుకి తాళం. పరీక్షలన్నాళ్ళూ ఆ తాళం చెవి అమ్మ కొంగుకే ఉండేది. టీవీ తెర ముందు మా బాబాయి రాజమండ్రి నుంచి ఒక రంగు ప్లాస్టిక్ షీటు తెచ్చి తగిలించాడు, పైన నీలం, మధ్యలో నారింజ, కింద ఆకుపచ్చ. ఆకాశం, మొహాలు, గడ్డి అన్నమాట. బయట సీను అయితే పర్లేదు గానీ ఇంట్లో సీను వస్తే హీరో జుట్టు నీలంగా, పంచె ఆకుపచ్చగా ఉండేది, అయినా ఊళ్ళో చాలామంది దాన్ని కలర్ టీవీ అనే అనేవాళ్ళు, మేమూ కాదనలేదు.

మేము ఆరుగురం. పేర్లు రాయను, ఒకడు ఇప్పుడు హెడ్మాస్టరు, వాడి పిల్లలు కూడా ఇవన్నీ చదువుతారు. కాంపౌండరు గారబ్బాయి, సైకిల్ షాపు వాళ్ళబ్బాయి, రాజుగారబ్బాయి, కొబ్బరి కొట్టు వాళ్ళ కవలలిద్దరు, నేను. తలా పదిహేను రూపాయలు, మొత్తం తొంభై. డెక్కుకి యాభై, క్యాసెట్టుకి పది చొప్పున మూడింటికి ముప్ఫై, మిగిలిన పదికి ఆర్టోస్. ఆర్టోస్ తెలుసు కదా, మన రామచంద్రపురం డ్రింకు, మాకు అప్పట్లో దాని ముందు బొంబాయి డ్రింకులు ఏవీ ఆనేవి కావు. పదికి మూడు సీసాలొచ్చాయి, సీసాకి ఇద్దరు.

ఏ సినిమాలు తేవాలన్న దగ్గర పెద్ద గొడవ. చిరంజీవిది కావాలని ముగ్గురు, బాలకృష్ణది కావాలని ఇద్దరు, బ్రూస్‌లీ కావాలని సైకిల్ షాపు వాడొక్కడు. మూడు రోజులు స్కూలు వెనకాల కాలవ గట్టు మీద కూచుని దీని గురించే మాట్లాడుకున్నాం, లెక్కల పరీక్షకి కూడా అంత ఆలోచించలేదు. ఆఖరికి మా అమ్మే తేల్చేసింది. "పెద్దాళ్ళు కూడా చూసేది ఒకటి తేకపోతే నేను ఇంట్లో పెట్టనివ్వను" అంది. అలా మొదటిది మాయాబజార్ అయ్యింది. పెద్దాళ్ళు అది చూసేసి పడుకుంటారు, తర్వాత రాజ్యం మనదే అని మా లెక్క. రెండోది బొమ్మా బొరుసూ వేస్తే చిరంజీవి గెలిచాడు. మూడోది బ్రూస్‌లీకి ఇచ్చేశాం, లేకపోతే వాడు సైకిల్ ఇవ్వనన్నాడు.

సైకిల్ లేకపోతే డెక్కు రాదు మరి. అమలాపురం నుంచి మా ఊరు ఎనిమిది కిలోమీటర్లు, బస్సులో ఆ జనంలో డెక్కు తెస్తే ఏ మూల తగిలి ఏమవుద్దో అని భయం. దుప్పటిలో చుట్టి, పాత సైకిల్ ట్యూబుతో క్యారేజీకి కట్టి, ఒకడు హ్యాండిల్ పట్టుకుని నడిపిస్తుంటే, ఇంకోడు వెనకాల చెయ్యేసి పట్టుకుని, క్యాసెట్లు నా చొక్కా లోపల పెట్టుకుని, కాలవ గట్టంట నడుచుకుంటూ వచ్చాం. గుంత వస్తే ఎత్తి దాటించాం. దార్లో కనపడ్డోడల్లా "ఏటిరా అది?" అంటాడు, మేము గర్వంగా "డెక్కు" అంటాం, "ఎవరింటికి?" "మా ఇంటికే". ఆ గర్వమే మా కొంప ముంచింది. ఆరుగురికి అనుకున్నది, చీకటి పడేసరికి మా వాకిట్లో అరవై మంది.

ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఎవరి చాప వాళ్ళు, ఎవరి పీట వాళ్ళు తెచ్చుకున్నారు. ఒకావిడ నిద్రపోతున్న పిల్లాణ్ణి ఉయ్యాల గుడ్డతో సహా తెచ్చి మా వసారా దూలానికే ఉయ్యాల కట్టేసింది. టీవీ హాల్లోంచి వీధి వసారాలోకి వచ్చింది, దాని కింద మా ధాన్యం కొలిచే బల్ల. దోమలకి మా పాలేరు కొబ్బరి పీచు పోగేసి పొగ పెట్టాడు. అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి లెక్కపెట్టి, ఏమనకుండా లోపలికెళ్ళి రెండు కేజీల మరమరాలు తిరగమోత వేసింది, మర్నాడు ఎవరో చుట్టాలొస్తారని దాచిన జంతికల డబ్బా కూడా ఆ రాత్రే ఖాళీ. ఆర్టోస్ మూడు సీసాలూ మేము గొడ్లపాకలో దాక్కుని తాగేశాం, ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గుగానే ఉంది గానీ అరవై మందికి మూడు సీసాలు ఏం పంచుతాం చెప్పండి.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. డెక్కు ఆన్ అయ్యింది, లైటు వెలిగింది, క్యాసెట్టు పెడితే మింగేసింది, లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు కూడా వస్తోంది, టీవీలో మాత్రం చుక్కలు. యాంటెన్నా వైరు పీకి డెక్కు వైరు పెట్టాలి, అది పెట్టాం. టీవీలో ఛానెల్ తిప్పాలి, తిప్పాం. షాపాయన ఇంకేదో చెప్పాడు, అది ఆరుగురం విన్నాం, ఆరుగురికీ గుర్తులేదు. కాంపౌండరు గారబ్బాయి ఇంటికి పరిగెత్తి స్పిరిట్టు, దూది తెచ్చాడు, హెడ్డు క్లీన్ చెయ్యాలంటాడు. మూత విప్పొద్దని షాపాయన ఒట్టేయించుకున్నాడు కదరా అని నేను. ముందు వరస పిల్లలు ఈలలు. వెనకనుంచి "ఏరా, సినిమా ఉందా లేదా, పోయి పడుకుంటాం" అని కేకలు, కానీ ఎవరూ లేవరు.

అప్పుడు వెనకాల కొబ్బరి చెట్టు దగ్గర నిలబడ్డ కువైట్ పిన్ని ముందుకొచ్చింది.

మా వైపు అప్పటికే చాలా ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు గల్ఫ్ వెళ్ళేవాళ్ళు, ఇళ్ళల్లో పనికి. కువైట్, మస్కట్, దుబాయి. ఈవిడ నాలుగేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేసింది. 1990 ఆగస్టులో ఇరాక్ వాళ్ళు కువైట్ మీద పడ్డప్పుడు అక్కడున్న మనవాళ్ళు బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ చేరితే, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్షా డెబ్భై వేల మంది దాకా వెనక్కి తెచ్చాయి, ఆ రోజుల్లో పేపర్ల నిండా అదే. ఆ జనంలో ఈవిడ ఒకత్తి. చేతిలో ఒక సంచితో ఊళ్ళో దిగింది. వచ్చిన దగ్గర్నుంచి పెద్దగా ఎవరింటికీ వెళ్ళేది కాదు, ఆ రోజు కూడా చాప తెచ్చుకోలేదు, దూరంగా నిలబడే ఉంది.

"లెగండెహె, ఇలా తప్పుకోండి" అని మా మధ్యలోంచి వచ్చి టీవీ ముందు కూచుంది. ముందు క్యాసెట్టు ప్లే లోనే ఉంచమంది. తర్వాత టీవీకి పక్కనున్న చిన్న ట్యూనింగ్ చక్రాన్ని రెండు వేళ్ళతో నెమ్మదిగా, అన్నంలో రాళ్ళు వెతుకుతున్నట్టు తిప్పింది. చుక్కలు, చుక్కలు, ఒక గీత, మళ్ళీ చుక్కలు, టక్కున బొమ్మ. వాకిలంతా ఒక్కసారి గోల. బొమ్మ మీద అడ్డంగా గీతలు వస్తుంటే డెక్కు మీద ట్రాకింగ్ అని రాసున్న బుడిపె పట్టుకుని దాన్నీ సరిచేసింది. అంతా కలిపి రెండు నిమిషాలు.

"నీకెలా తెలుసు పిన్నీ" అన్నాను నేను. "అక్కడ పిల్లలకి రోజూ నేనే పెట్టేదాన్ని రా బాబూ" అంది. లేస్తూ లేస్తూ డెక్కు మీద చెయ్యేసి, "మనోడి కోసం ఇట్టాంటిదే కొన్నాను. అట్టపెట్టె కూడా ఇప్పలేదు. అక్కడే ఉండిపోయింది" అంది, మామూలుగానే, ఏదో గొడుగు బస్సులో మర్చిపోయినట్టు. నాకు అప్పుడు పదిహేనేళ్ళు, ఏం మాట్లాడాలో తెలీలేదు. అమ్మ లోపల్నుంచి పీట తెచ్చి ఆవిణ్ణి డెక్కు పక్కనే కూచోబెట్టింది. ఆ రాత్రి డెక్కు ఆపరేటర్ ఆవిడే, మాలో ఒక్కణ్ణీ ముట్టుకోనివ్వలేదు.

మాయాబజార్ మొదలయ్యాక ఇంక చెప్పేదేముంది. ఆ సినిమా 1957లోది, అక్కడున్నోళ్ళలో సగం మంది టూరింగు టాకీసుల్లో నాలుగైదు సార్లు చూసినోళ్ళే, అయినా ఎస్వీ రంగారావు వంటశాలలో కూచుని లడ్లు మింగుతుంటే మొదటిసారి చూస్తున్నట్టు నవ్వులు. మా రంగు షీటు పుణ్యమా అని ఆయన మొహం నారింజ రంగు, కిరీటం నీలం, లడ్లు ఆకుపచ్చ. కరెంటు వోల్టేజి తగ్గినప్పుడల్లా బొమ్మ నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయి మళ్ళీ పెరిగేది, స్టెబిలైజరు టకటకా కొట్టుకునేది. ఘటోత్కచుడు పెరిగీ తరిగీ అవుతుంటే అది కూడా మాయలో భాగమే అనుకున్నారు చిన్నపిల్లలు.

అంతా బాగానే ఉంది, పెళ్ళి సీను వచ్చింది, పీటల మీద రేలంగి, పక్కన మాయా శశిరేఖ వేషంలో సావిత్రి, ఆవిడ ఆయన కాలు తొక్కుతోంది, వాకిట్లో జనం పొట్టలు పట్టుకుంటున్నారు, అప్పుడు టకామని ఆగిపోయి డెక్కు దానంతటదే రివైండ్ మొదలెట్టేసింది. కరెంటు పోయిందా అంటే లైటు వెలుగుతూనే ఉంది. కువైట్ పిన్ని క్యాసెట్టు తీసి దీపం దగ్గర పెట్టి చూసి నవ్వింది. దాని మీద ఈ-180 అని ఉంది, అంటే 180 నిమిషాల టేపు. సినిమా ఏమో మూడు గంటల పైచిలుకు. ముందర ఎవరెవరో చీరల కొట్ల ప్రకటనలు కూడా ఎక్కించారాయె. రికార్డు చేసినోడికి టేపు అయిపోయింది, సినిమా అవ్వలేదు. సగం పెళ్ళి దగ్గర కోసేసి, అద్దె మాత్రం పూర్తిగా పది రూపాయలు తీసుకున్నారు.

అరవై మంది మా ఆరుగురి వైపు చూశారు.

మా పక్కింటి తాతగారు ఒకాయన ఉండేవారు, వయసులో ఉన్నప్పుడు నాటకాలకి హార్మణీ వాయించేవారు. అప్పటికి డెబ్భై దాటాయి, కళ్ళు సరిగ్గా కనపడవు, సినిమా అంతా ఆయన వింటూనే ఉన్నారు. "దీనికింత రాద్ధాంతం ఎందుకురా, మిగతాది నేను చెప్తాను" అని నులక మంచం మీద లేచి కూచున్నారు. ఆయన సినిమా మాట ఎత్తనే లేదు. చిన్నప్పుడు సురభి వాళ్ళు డేరా వేసినప్పుడు చూసిన మాయాబజార్ మొదలెట్టారు. సురభి అంటే కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన నాటక సమాజం, ఇంటిల్లిపాదీ నటులే, పసిపిల్లలు కూడా వేషం కట్టే కుటుంబాలు. స్టేజీ మీద లడ్లు దారాలతో ఎలా ఎగరేసేవారో, బాణాలు గాల్లో ఢీకొంటే నిప్పురవ్వలు ఎలా రాలేవో, ఆయన చేతులతో చూపిస్తున్నారు. మధ్యలో ఆగి, "అసలు వ్యాసుడి భారతంలో ఈ పెళ్ళే లేదు, తెలుసా, అభిమన్యుడికి అక్కడ ఉత్తర ఒక్కత్తే, ఇదంతా మన వాళ్ళు మనకోసం కట్టుకున్న కథ" అని ఒక మాట, మళ్ళీ పద్యం, మళ్ళీ కథ. గొంతు వణుకుతోంది గానీ రాగం ఎక్కడా జారలేదు. శకుని గుట్టు ఎలా బయటపడిందో చెప్పి, ఆఖర్న ఘటోత్కచుడు లక్ష్మణకుమారుణ్ణి చంకలో పెట్టుకుని ఎగిరెళ్ళి మన గోదాట్లో మూడు మునకలు వేయించి, ముక్తేశ్వరం రేవులో ఒడ్డుకి విసిరేశాడని చెప్పారు. ముక్తేశ్వరం రేవు అనగానే ఎంత నవ్వారో!

చాలా ఏళ్ళ తర్వాత ఆ సినిమా ఆఖరు వరకూ చూశాను. శకుని సత్యపీఠం ఎక్కి సీఎస్సార్ గొంతుతో తన గుట్టు తానే చెప్పేసుకునే సీను అద్భుతమే, కాదన్ను. కానీ ముక్తేశ్వరం రేవు లేని లోటు నాకు తెలుస్తూనే ఉంది.

రెండోది చిరంజీవి సినిమా. పేరు చెప్పను, ఎందుకంటే అది దొంగ ప్రింటు, హాల్లో కెమెరా పెట్టి తీసింది. మధ్యలో ఎవడో లేచి బయటికెళ్తే తెర మీద వాడి తల అడ్డం, హీరో ఎంట్రీకి ఆ హాల్లో వాళ్ళ ఈలలు, వాటికి మా వాకిట్లో వాళ్ళ ఈలలు తోడు. పెద్దాళ్ళు పడుకుంటారనుకున్నామా, ఒక్కరు కూడా కదల్లేదు. పైగా పాటలొస్తే ముందుకి జరపమని మేమంటే వద్దని వాళ్ళు. ఇంటర్వెల్ అయిన కాసేపటికి, సరిగ్గా విలన్ ఇంట్లోకి హీరో మారువేషంలో వెళ్ళే చోట, కరెంటు పోయింది.

వేసవిలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలుసు. క్యాసెట్టు డెక్కు కడుపులో ఉండిపోయింది, కరెంటు లేకపోతే బయటికి రాదు. కొందరు లేచి వెళ్ళిపోయారు, చాలామంది ఎక్కడివాళ్ళక్కడే నడుం వాల్చేశారు. ఆ చీకట్లో మా ఆరుగురం గొడ్లపాక పక్కన గడ్డిమేటు మీద పడుకున్నాం. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఎవడు కాకినాడ వెళ్తాడు, ఎవడు ఇక్కడే కోనసీమ కాలేజీలో చేరతాడు, అవే మాటలు. రాజుగారబ్బాయి మాత్రం చాలాసేపు ఏం మాట్లాడకుండా, వాళ్ళు రొయ్యల చెరువులు చూసుకోడానికి భీమవరం వెళ్ళిపోతున్నారని, ఇల్లు బేరం కూడా అయిపోయిందని చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, "చెప్తే డెక్కు డబ్బులు నా దగ్గర తీసుకోరేమోనని" అన్నాడు. ఇదేం లాజిక్కో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, అప్పుడు మాత్రం అందరం వాణ్ణి తన్నాం.

కరెంటు నాలుగు గంటలకొచ్చింది. టీవీ ఒక్కసారి బుస్సుమంది, నిద్రలో ఉన్నోళ్ళంతా ఉలిక్కిపడి లేచి ఏం జరగనట్టు మళ్ళీ సినిమా చూడ్డం మొదలెట్టారు. చిరంజీవి విలన్ని కొట్టేసరికి తూర్పు తెల్లారింది, పాలు పితకడానికి వచ్చిన మనిషి తప్పాలా పట్టుకుని క్లైమాక్స్ అయ్యేదాకా నిలబడే ఉన్నాడు, గేదె అరుస్తూనే ఉంది.

ఇంక బ్రూస్‌లీ మిగిలిపోయాడు. డెక్కు తొమ్మిదింటికల్లా షాపులో ఉండాలి, లేకపోతే రెండో రోజు అద్దె. నడిచి వెళ్ళాలంటే ఏడింటికి బయల్దేరాలి. సైకిల్ షాపు వాడి మొహం చూడలేకపోయాం, పాపం పదిహేను రూపాయలూ, సైకిలూ కూడా వాడివే. కువైట్ పిన్నే దారి చూపించింది. ప్లే లో ఉండగానే ఫార్వర్డ్ నొక్కి పట్టుకుంటే బొమ్మ కనపడుతూనే పరిగెడుతుంది. బ్రూస్‌లీ సినిమా మొత్తం ఇరవై నిమిషాల్లో చూసేశాం, మాటలూ లేవు చప్పుడూ లేదు, తెర మధ్యలో అడ్డంగా తెల్ల గీతలు. ఆయన మామూలుగానే మెరుపులా కొడతాడంటారు, మేము చూసిన బ్రూస్‌లీ అయితే మనిషి కంటికి ఆనలేదు. ఇంటర్ అయ్యాక వాడు కాకినాడలో అదే సినిమా హాల్లో చూసొచ్చి, "అంత స్పీడు లేదురా" అన్నాడు నిరాశగా.

తొమ్మిదికి పది నిమిషాలుండగా షాపుకి చేరాం. ఆయన డెక్కు చుట్టూ తిప్పి చూశాడు, మాయాబజార్ సగమే ఉందంటే "అవునా, ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదే" అన్నాడు. బ్రూస్‌లీ క్యాసెట్టు రివైండ్ చెయ్యలేదని అయిదు రూపాయలు జరిమానా అడిగాడు, క్యాసెట్టు మీద స్టిక్కరు అంటించే ఉంది, మేమే చూడలేదు. ఆరుగురి జేబులూ కలిపితే నాలుగున్నర. ఆ అర్ధ రూపాయి వదిలేస్తూ ఏదో దానం చేస్తున్నట్టు ఒక చూపు చూసి, సొరుగు తీసి వాచీ చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి నాన్నగారు వసారాలో కూచుని ఉన్నారు, చుట్టూ మరమరాలు, జంతిక ముక్కలు, ఎవరిదో ఒంటి చెప్పు. వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. చప్పుడు లేదు. నా వైపు చూశారు.

"చెప్పావా ఆయనకి, కీ ఇమ్మని?"

"చెప్పానండి."

ఆయన నవ్వి, కీ తిప్పుకుంటూ, రేడియో పెట్టమన్నారు టైము కలుపుకోడానికి.